గుండెమంటయు, రాత్రి భోజనవేళయు

మన యిండ్లలో ‘గ్యాసు’ అను మాటకు గల వ్యాప్తి మఱి యే వ్యాధినామమునకును లేదు. ఱొమ్ము మండినను గ్యాసే, పులిత్రేన్పు వచ్చినను గ్యాసే, తుదకు వెన్ను పట్టివేసినను గ్యాసే. ఈ యొక్క మాట చాటున వేర్వేఱు వ్యాధులు దాగుచున్నవి. వానిలో మిక్కిలి సామాన్యమైన గుండెమంటను గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇది పరదేశమునుండి దిగిన రోగము కాదు. మాధవకరుడు తన నిదానగ్రంథమున అమ్లపిత్తమునకు ప్రత్యేకముగ నొక యధ్యాయమునే యిచ్చి, పులిత్రేన్పులను, హృదయకంఠముల మంటను దాని లక్షణములుగ జెప్పియున్నాడు.

అన్ననాళము జీర్ణకోశమును కలియుచోట కండరముతో నేర్పడిన కవాట మొకటి కలదు. మ్రింగునపుడు తెఱచుకొని, తక్కిన వేళల బిగిసియుండుట దాని పని. జీర్ణకోశములో నూరు హైడ్రోక్లోరికామ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. దానిని తాళుటకు జీర్ణకోశపు లోపొరకు దట్టమైన జిగురుపూత కలదు. అన్ననాళమున కంతటి రక్షణ లేదు. కవాటము సడలి ఆమ్లము పైకెగసినపుడు పుట్టునదే ఈ మంట. పేరు గుండెమంట యైనను గుండెకు దీనితో సంబంధము లేదు.

దోషమంతయు మిరపకాయమీదికి నెట్టుట మనవారికి వాడుక. గుంటూరు సీమవారికి ఈ నింద మఱింత యెక్కువ. మేము మిరపకాయ పక్షమున వకాల్తా పుచ్చుకొనలేదు. ఇదివఱకే ఒరసిన అన్ననాళమునకు కారము తగిలిన మంట హెచ్చుననుట నిజమే. కాని కవాటమును సడలించునవియు, కడుపు త్వరగ ఖాళీ కాకుండ జేయునవియు వేఱుగ నున్నవి. నూనెలో వేచిన పదార్థములు, చుట్ట, సిగరెట్టు, మద్యము అట్టివి. కడుపు పట్టనంత భోజనము వీని కన్నింటికిని పెద్దన్న. కాఫీ కొందఱికి పడదు, కొందఱికి పడును. ఎవరికి వారు పరీక్షించుకొనవలసినదే.

ఏమి తింటిమనుదానికంటె ఎప్పుడు తింటిమనునది ముఖ్యమని మా యభిప్రాయము. కిరసనాయిలు దీపముల కాలమున పల్లెలలో ప్రొద్దుగుంకిన కొంతసేపటికే భోజనములు ముగిసెడివి. పిమ్మట అరుగులమీద కబుర్లు, పశువులకు మేత, ఆరుబయట నడక. ఇప్పుడో, వర్తకుడు దుకాణము కట్టి లెక్కలు చూచుకొని యిల్లు చేరుసరికి పది గంటలగును. ఉదయము నుండి కాఫీ, టీలతో గడపినవాడు దినమంతటి యాకలిని ఒక్క విస్తరిలో తీర్చుకొని, చేయి కడుగుకొనిన యరగంటకు పరుండును. కూర్చున్నపుడు ఆమ్లమును క్రిందనే యుంచుటకు భూమ్యాకర్షణము తోడ్పడును. నిండుకడుపుతో పరుండిన వానికి ఆ తోడు లేదు. ఇక పెండ్లివిందుల సంగతి వేఱుగ చెప్పవలయునా?

భోజనమునకును శయనమునకును నడుమ మూడు గంటలైన నుండవలయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మంచపుకోళ్ళక్రింద తలవైపున ఆఱంగుళముల యెత్తు చెక్కలు పెట్టుట మంచిది. దిండుమీద దిండు వేసికొనిన నడుము వంగి కడుపు నొక్కుకొనునే గాని మేలు తక్కువ. ఎడమప్రక్కకు తిరిగి పరుండిన ఆమ్లము పైకెగయుట తగ్గునని పరీక్షలలో తేలినది. పెద్దలు చెప్పిన వామకుక్షి ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. కాని వామకుక్షి యనగా అన్నము తినగనే గుఱ్ఱుపెట్టి నిద్రించుట కాదు. బొజ్జ తగ్గించుకొనుట, నడుముకు బిగించిన పట్టీ వదలు చేయుటయు ఫలమిచ్చును.

చింతకు దీనిలో పాలు లేకపోలేదు. 1822లో అమెరికాలోని మాకినాక్ ద్వీపమున తుపాకిదెబ్బ తగిలిన సెయింట్ మార్టిన్ అను పనివాని కడుపున పడిన రంధ్రము మూసికొనలేదు. బోమంట్ అను సైనికవైద్యుడు ఆ రంధ్రముగుండ జీర్ణక్రియను ఏండ్లతరబడి పరిశీలించి, 1833లో గ్రంథము ప్రకటించెను. కోపాది ఉద్రేకములు జీర్ణక్రియను చెఱచునని ఆయన కన్నులార చూచి వ్రాసినాడు. చింత వలన ఆమ్లము తప్పక హెచ్చునని చెప్పజాలము; ఉన్న ఆమ్లమునే శరీరము ఎక్కువ బాధగ గ్రహించును. శీతలగిడ్డంగిలో మిరపబస్తాలు నిలిపి ధరకై యెదురు చూచు రైతు వేళకు తినడు, తిన్నది నమలడు, చుట్టమీద చుట్ట కాల్చును, అర్ధరాత్రి దాక మేలుకొనును. ధర మన చేతిలో లేదు. భోజనవేళ కొంత వఱకైనను మన చేతిలోనిదే. అట్లని ప్రతి యుదరవ్యాధికిని చింతయే మూలమనరాదు. కడుపుపుండ్లకు చింతయే కారణమని వైద్యులే చాలకాలము నమ్మిరి. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనువారలు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని కనుగొనిన పిమ్మట ఆ నమ్మకము సడలినది. 2005లో వారికి నోబెలు బహుమానము లభించినది.

మాత్రల విషయము. ఒమెప్రజోలు మొదలగునవి ఆమ్లము ఊరకుండ చేయు మంచి మందులే. వానిని భోజనమునకు అరగంట ముందు పుచ్చుకొనవలయును. మనవారు తిని, మంట పుట్టిన పిమ్మట మ్రింగుచున్నారు. వైద్యు నడుగక ఏండ్లకొలది మ్రింగుటయు తగదు. దీర్ఘకాలపు వాడుకలో బి12 విటమిను, మెగ్నీషియము తగ్గవచ్చును. మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, మలము నల్లబడినను, వాంతిలో నెత్తురు కనబడినను మాత్రలతో కాలయాపన చేయరాదు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది మఱియొకటి కలదు. గుండెపోటును గ్యాసుగ భ్రమపడి, సోడా త్రాగి పరుండి, తెల్లవాఱునప్పటికి లేని వారిని గూర్చి వినని పాఠకులుండరు. ఱొమ్ము నడుమ బరువు పెట్టినట్లు నొప్పి, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకుట, చెమట, ఆయాసము, నడచినపుడు హెచ్చుట, ఇవి గుండెవ్యాధి లక్షణములు. మధుమేహము కలవారిలోను, స్త్రీలలోను ఇవి స్పష్టముగ నుండకపోవచ్చును. అట్టి వేళ 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీయగల చోటికి వెంటనే పోవలయును. మొదటి ఇ.సి.జి.లో దోషము కనబడకున్నను, నొప్పి యున్నంత వఱకు, వైద్యుడు పొమ్మనువఱకు ఆసుపత్రి విడిచి రాదగదు.