తీరం నుంచి వంటింటి దాకా

వీధిలో చెత్త పేరుకుపోయినప్పుడు సాధారణంగా మన నోట వచ్చే మొదటి మాట, “ఇది ఎవరి పని?” పురపాలక సంఘానిదని ఒకరు, పొరుగువారిదని మరొకరు అంటారు. జవాబు తేలేలోగా కాలువ పూడుకుపోతుంది, దోమలు పెరుగుతాయి, పిల్లలు జ్వరాల పాలవుతారు. తమది కాని చెత్తను తమ చేతులతో తీయడానికి పూనుకున్న సామాన్యులు ఏం సాధించగలరో, ఎక్కడ ఆగిపోవలసి వస్తుందో తెలుసుకోవడానికి ముంబయిలోని వర్సోవా సముద్రతీరం చక్కని ఉదాహరణ.

ఇద్దరితో మొదలైన పని

వర్సోవా తీరం పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఒకప్పుడు అక్కడ చాలాచోట్ల ఇసుక కనిపించేది కాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన వలలు, పాత బట్టలు గుట్టలుగా పేరుకుని ఉండేవి. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే యువ న్యాయవాది, 84 ఏళ్ల తన పొరుగింటి పెద్దాయనతో కలిసి ఆ చెత్తను తీయడం ఆరంభించారు. తర్వాత ఇంటింటికీ వెళ్లి తోటివారిని పిలిచారు. క్రమంగా మత్స్యకారులు, విద్యార్థులు, మురికివాడల వాసులు, ఉద్యోగులు వారాంతాలలో రాసాగారు.

అది చూసినంత తేలికైన పని కాదు. ఇసుకలో కూరుకుపోయిన సంచి పైకి రావాలంటే ఒక్కోసారి నలుగురైదుగురు లాగవలసి వచ్చేది. పైగా ఈ వారం శుభ్రం చేసిన చోటికి వచ్చే వారానికల్లా అలలు మళ్లీ చెత్తను మోసుకొచ్చేవి. ఏళ్ల తరబడి సాగిన ఈ కృషిలో లక్షలాది కిలోల చెత్త తొలగిపోయింది. 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అఫ్రోజ్ షాను తన అత్యున్నత పర్యావరణ పురస్కారంతో గౌరవించింది.

పురస్కారం వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. 2017 నవంబరులో ఈ కార్యక్రమం కొన్నాళ్లపాటు నిలిచిపోయింది. పోగుచేసిన చెత్తను సకాలంలో తరలించేవారు లేరు. పనిచేస్తున్నవారిని కొందరు దూషించి వేధించారు. ప్రభుత్వం నుంచి హామీ లభించాక స్వచ్ఛంద సేవకులు మళ్లీ తీరానికి వచ్చారు.

2018 మార్చిలో ఆ తీరాన ఒక అపురూప దృశ్యం కనిపించింది. ఆలివ్ రిడ్లీ జాతికి చెందిన దాదాపు 80 తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికి వచ్చి సముద్రం వైపు సాగాయి. సుమారు రెండు దశాబ్దాలుగా అక్కడ అటువంటిది ఎవరూ చూడలేదు. వీధికుక్కల బారిన పడకుండా సేవకులు కాపలా కాసి వాటిని నీటిలోకి చేర్చారు. గుడ్లు పెట్టడానికి తల్లికి, పొదిగిన తర్వాత నీటిని చేరడానికి పిల్లలకు ఇసుక అడ్డంకుల్లేకుండా ఉండాలి. చెత్త తొలగిన తర్వాతే ఆ దారి ఏర్పడింది.

సముద్రం మనకు దూరమా?

ఈ తాబేళ్లు తెలుగువారికి కొత్తవి కావు. ఏటా చలికాలం చివర ఇవి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోయిన తాబేళ్లు తీరానికి కొట్టుకురావడం కూడా మనకు తెలిసిన విషాదమే. విశాఖపట్నం వంటి చోట్ల అటవీశాఖ సిబ్బందితో పాటు మత్స్యకారులు, స్వచ్ఛంద సేవకులు గుడ్లను సేకరించి, కంచె వేసిన స్థలంలో భద్రపరచి, పిల్లలను కడలిలోకి వదులుతున్నారు.

తీరానికి దూరంగా ఉన్నవారికి ఇదంతా తమకు సంబంధం లేని సంగతిగా తోచవచ్చు. కానీ హైదరాబాదులో ఒక గృహిణి కిటికీలోంచి విసిరిన సంచి వాన నీటితో నాలాలో పడుతుంది. నాలా మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో చేరుతుంది. కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో సంగమిస్తుంది. ప్లాస్టిక్ కుళ్లి మట్టిలో కలిసిపోదు. ఎండకు, రాపిడికి నలిగి సూక్ష్మమైన ముక్కలవుతుంది. వాటిని చేపలు మింగుతాయి. ఆ చేపలే మన పళ్లెంలోకి తిరిగి వస్తాయి.

వర్సోవా సేవకులు నేర్చుకున్న పాఠం కూడా ఇదే. తీరంలో చెత్త ఎత్తడంతో సరిపెట్టక, వారు ఆ చెత్త ఎక్కడినుంచి వస్తున్నదో వెతికారు. ముంబయిలోని మిఠీ నదిని శుభ్రపరచడానికి పూనుకున్నారు. ఒడ్డున నివసించే కుటుంబాలతో మాట్లాడి ఇంట్లోనే చెత్తను వేరుచేయడం అలవాటు చేయించసాగారు.

మనం చేయదగినది

దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం దానంతో సమానమని మన పిల్లలకు చిన్నతనంలోనే నేర్పుతాం. ప్రవహించే నది పక్కన వుజూ చేసేటప్పుడు కూడా నీటిని వృథా చేయరాదని బోధిస్తాం. ఆ బోధ మన వీధిలోనూ, మన విందులలోనూ కనిపించాలి. ఇఫ్తార్లు, వలీమాలు ముగిసిన తర్వాత మిగిలే ప్లాస్టిక్ గ్లాసుల గుట్టను ఒక్కసారి గుర్తు చేసుకుంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. మస్జిదు కమిటీ స్టీలు గ్లాసులు, పళ్లేలు కొని ఉంచితే మొహల్లాలోని ప్రతి శుభకార్యానికీ అవి ఉపయోగపడతాయి. వాటిని కడిగే బాధ్యతను ఆడవారి మీదనే వదలక యువకులూ పంచుకోవాలి.

వీధినో చెరువునో శుభ్రం చేయదలచినవారు మూడు విషయాలు మరువరాదు. మొదటిది, ఎత్తిన చెత్తను ఏ వాహనం, ఏ రోజున తీసుకువెళుతుందో పురపాలక అధికారులతో ముందే మాట్లాడి ఖాయం చేసుకోవాలి. రెండవది, దొరికిన చెత్తలో ఏ వస్తువు ఎక్కువగా ఉన్నదో రాసి పెట్టుకోవాలి. దాని మూలం ఏ దుకాణమో, ఏ మందిరమో, ఏ కాలువో తెలిస్తే వారితో మర్యాదగా మాట్లాడవచ్చు. మాట వినకపోతే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని నకలు భద్రపరచుకోవాలి. మూడవది, మత భేదం లేకుండా వీధివారందరినీ పిలవాలి. మురుగు కాలువ పొంగితే ఆ నీరు అందరి గడపలోకీ వస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది నిలకడ. ఒకరోజు ఫొటోలు దిగి వెళ్లిపోయే వందమంది కన్నా, ప్రతి వారం వచ్చే ఐదుగురి వల్ల వీధికి ఎక్కువ మేలు జరుగుతుంది. వచ్చే ఆదివారం ఫజ్ర్ నమాజు తర్వాత ఒక గంట సమయం కేటాయించండి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. వారి చేతులకు తొడుగులు మాత్రం మరువకండి.