కాళ్లకు నీరు పట్టడం వెనుక లెక్క

వాచిన కాలి మీద, మోకాలి కింది ఎముక దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి తీస్తే గుంట పడుతుంది. అది పూడడానికి కొంతసేపు పడుతుంది. కణాల మధ్య ఉండాల్సినదానికన్నా ఎక్కువ నీరు చేరిందన్నమాట.

ఆ నీరు రక్తకేశనాళికల నుంచి వస్తుంది. వాటిలోని పీడనం నీటిని బయటికి తోస్తుంది, రక్తంలోని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, లోపలికి లాగుతాయి. 1896లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పిన ఈ సూత్రమే నేటి గణిత నమూనాలకు పునాది. వైద్య పాఠ్యపుస్తకాల్లోని సగటు అంకెలతో లెక్క వేస్తే బయటికి తోసే బలాలన్నీ కలిపి 28.3 మి.మీ. పాదరసం, లోపలికి లాగేది 28. మిగిలేది 0.3 మాత్రమే! అంత చిన్న తేడాకే ఒళ్లంతా కలిపి నిమిషానికి 2 మి.లీ., అంటే రోజుకు దాదాపు 2.9 లీటర్ల ద్రవం బయటికి వస్తుంది. రక్తంలోని ప్లాస్మా మొత్తమే సుమారు 3 లీటర్లు. ఆ ద్రవాన్ని తిరిగి రక్తంలో కలిపే బాధ్యత శోషరస నాళాలది.

ఆల్బుమిన్ తగ్గి లోపలికి లాగే బలం 28 నుంచి 25కు పడిపోయిందనుకుందాం. తేడా 3.3 అవుతుంది, ఊట పదకొండు రెట్లు కావాలి. కానీ ఒంట్లో అలా జరగదు. నీరు చేరేకొద్దీ కణాల మధ్య పీడనం పెరిగి ఊటకు అడ్డు తగులుతుంది, శోషరసం జోరందుకుంటుంది, అక్కడి ప్రోటీన్లు కొట్టుకుపోతాయి. ఒకదాన్ని బట్టి ఒకటి మారే ఇలాంటి రాశులను విడివిడిగా లెక్కించలేం. అందుకే అవకలన సమీకరణాలు కావాలి. అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ ఈ మూడు రక్షణలూ కలిసి సుమారు 17 మి.మీ. పీడనం దాకా వాపును ఆపగలవని లెక్కగట్టాడు. కణాల మధ్య పీడనం సున్నా (అంటే బయటి గాలి పీడనం) దాటేదాకా ఆ చోటు బిగువుగానే ఉంటుంది. దాటాక వదులై, కొద్దిపాటి పీడనానికే బోలెడు నీరు నిలుస్తుంది. జబ్బు ముదిరేదాకా వాపు కనబడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

2010లో లెవిక్, మిషెల్ అనే శాస్త్రవేత్తలు స్టార్లింగ్ నాటి చిత్రాన్ని సవరించారు. కేశనాళికకు సిరల వైపు కొసన నీరు వెనక్కి ఇంకుతుందన్న పాత భావన చాలా కణజాలాల్లో నిలకడగా నిజం కాదని, శోషరస నాళాల భారం అనుకున్నదానికన్నా పెద్దదని తేల్చారు.

ఆ నాళాలు ఉత్త గొట్టాలు కావు. కవాటాల మధ్య చిన్న చిన్న గదులు, ఒక్కోటీ ముడుచుకుంటూ ద్రవాన్ని పైగదికి అందిస్తుంది. రెడ్డి, క్రౌస్కాప్, న్యూవెల్ అనే పరిశోధకులు 1977లో ఈ వ్యవస్థకు కంప్యూటర్ నమూనా ప్రచురించారు. ఇలాంటి నమూనాలో కవాటం సరిగా మూసుకోకపోతే గది ఎంత కొట్టుకున్నా ద్రవం పైకీ కిందికీ ఊగుతుందే తప్ప ముందుకు సాగదు. బోదకాలులో జరిగేది చాలావరకు ఇదే: ఫైలేరియా పురుగులు చేరిన నాళాలు ఉబ్బి, కవాటాల అంచులు కలవడం మానేస్తాయి. నిలబడ్డ మనిషిలో పైనున్న ద్రవం బరువంతా మోయాల్సింది కాలి నాళాలే కాబట్టి వాపు ఎక్కువగా అక్కడే కనబడుతుంది.