వీణకు బయానా ఇచ్చిన తరువాత: పనస దుంగ నుండి తొలి స్వరం దాకా

దొడ్డబళ్ళాపురం తాలూకా తూబగెరె పనసపండ్ల రుచి గౌరిబిదనూరు ప్రాంతంవారికి కొత్త కాదు. పనసను పండుగా ఎరిగిన మన పల్లెలలో ఆ చెట్టు మానే వీణ అవుతుందని తెలిసినవారు మాత్రం తక్కువ. కైవారం తాతయ్య తత్త్వాలను తంబుర మీద విని పెరిగిన కుటుంబాలలో, పిల్లలకు వీణ నేర్పించాలనే కోరిక పుట్టడం సహజం. అయితే మంచి వీణ అంగడిలో చూపించి వెంటనే కొనుక్కొని వచ్చే వస్తువు కాదు. చేయించుకోవాలి, బయానా ఇచ్చి ఎదురుచూడాలి. ఆ నిరీక్షణ ఎందుకో తెలియని ఇంట తొందర పుడుతుంది. తొందరలో తెచ్చిన వీణ తొలి వేసవికే బీటలు వారవచ్చు.

వీణలకు పేరుపొందిన ఊళ్ళలో తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది బొబ్బిలి. విజయనగరం జిల్లాలోని ఆ పట్టణానికి చేరువనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో వృద్ధి పొందిన ఈ విద్యకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తమిళనాట తంజావూరు వీణకు 2013లో అదే గుర్తింపు దక్కింది. కన్నడ నాట మైసూరు వీణె సంప్రదాయానికి వీణ శేషణ్ణ (1852–1926) వంటి మహావిద్వాంసులు కీర్తి తెచ్చారు. రెండు భాషలు తెలిసిన సరిహద్దు కుటుంబాలకు ఈ రెండు సంప్రదాయాలూ దూరమైనవి కావు.

కాలం ఎక్కడ పడుతుంది?

వీణకు పనస కర్రను ఎన్నుకోవడానికి కారణాలు ఉన్నాయి. అది తేలికగా ఉంటుంది. నాదాన్ని చక్కగా పలికిస్తుంది. చెదలను కొంతవరకు తట్టుకొంటుంది. కాని కొట్టిన మానులో నీరు నిండి ఉంటుంది. నీరు ఆరే కొద్దీ కర్ర ముడుచుకొంటుంది. ఆ ముడుత నిలువున స్వల్పం, అడ్డంగా అధికం. పచ్చి కర్రతో కుండను తొలిచి పైపలకను బిగిస్తే, ఆ తరువాత వచ్చే ముడుతకు పలక వంగుతుంది, కుండ నెరియలు వారుతుంది. గాలికి ఆరబెట్టే కర్రకు అంగుళం మందానికి ఇంచుమించు ఒక సంవత్సరం కావాలని ఒక మోటు లెక్క ఉన్నది. ఎన్ని ఉలులు కలిసినా ఈ గడువును తగ్గించలేవు.

ఆరిన కర్ర చేతికి వచ్చిన తరువాత మొదలయ్యేది చేతిపని. కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే దుంగలో తొలిస్తే దానిని ఏకాండ వీణ అంటారు. విడివిడి భాగాలను అతికితే అది అతుకుల వీణ. ఏకాండ వీణకు పెద్ద దుంగ కావాలి, ఓర్పు కూడా ఎక్కువ కావాలి. ఉలితో లోపలి మందాన్ని సమంగా దింపడంలో చేయి ఒక్కసారి జారితే నెలల శ్రమ వృథా అవుతుంది. పూర్వం అలంకారానికి ఏనుగు దంతం పొదిగేవారు. దంతపు వ్యాపారాన్ని చట్టం నిషేధించిన తరువాత ఆ స్థానంలోకి ప్లాస్టిక్కు వచ్చింది.

అన్నిటికన్నా పైపలక ముఖ్యం. తీగల కదలికను గుర్రం అందుకొని పలకకు అందిస్తుంది. పలక కంపించి నాదమవుతుంది. గిటారు విషయంలోనూ ఇదే సూత్రం. నేటి గిటారు రూపాన్ని స్థిరపరచిన స్పెయిన్ శిల్పి ఆంటోనియో దె టోరెస్ 1862లో వెనుకభాగాన్ని, పక్కలను కాగితపు ముద్దతో చేసి, పైపలకను మాత్రం కర్రతో నిర్మించి, నాదం ప్రధానంగా ఆ పలకదేనని చూపించాడు.

చివరి ఘట్టం మేళం కట్టడం. దండికి ఇరువైపులా మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దను పరచి, దాని మీద 24 లోహపు మెట్లను చెవితో విని ఒక్కొక్కటిగా నిలుపుతారు. గిటారు మెట్లు కర్రలో శాశ్వతంగా దిగి ఉంటాయి. వీణ మెట్లు మైనంలో నిలుస్తాయి కనుక అపస్వరం పలికితే తిరిగి సరిచేయవచ్చు. మేళం కట్టే నిపుణులు అందరికన్నా అరుదు.

వీణ ఇంటికి వచ్చిన దినం

గొల్లపల్లి గాలిలో సముద్రపు తేమ ఉన్నది. గౌరిబిదనూరు గాలి పొడి. ప్రయాణించి వచ్చిన వీణను దింపిన వెంటనే విప్పకుండా, ఒక దినం పెట్టెలోనే నీడపట్టున ఉంచడం మేలు. శ్రుతిని ఒక్కసారి పైకి లాగక, మొదట తగ్గించి ఉంచి, కొన్ని దినాలలో క్రమంగా పెంచాలి. కొత్త తీగలు సాగుతాయి కనుక తరచుగా శ్రుతి జారడం దోషం కాదు.

పరీక్షించవలసినవి వేరే ఉన్నాయి. వాయించే తీగలు నాలుగు, తాళపు తీగలు మూడు ఉండాలి. బిరడాలు జారకూడదు. వెలుతురులో తిప్పి చూస్తే కుండ మీద సన్నని బీట కనిపించకూడదు. పన్నెండవ మెట్టు ఇంచుమించు తీగ నడుమకు వస్తుంది. అక్కడ నొక్కి మీటితే వదులు తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. ఈ ఒక్క పరీక్ష ఇంటిల్లిపాదీ చేయగలిగినది. తేడా వినిపిస్తే స్వయంగా మెట్టును కదపక, గురువుకు గాని చేసినవారికి గాని చెప్పాలి. ఎండలోను, మూసిన కారులోను వీణను విడిచిపెడితే మైనం మెత్తబడి మేళం చెడుతుంది.

బయానా ఇచ్చే ముందు

ఏకాండమా, అతుకుల వీణా, పిల్లల చేతికి తగిన పొడవు ఎంత, మేళం ఎవరు కడతారు, పెట్టె ఎవరిది, దారిలో దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అనే సంగతులు మొదటనే కాగితం మీద రాసుకోవాలి. కర్ర ఎంతకాలం ఆరినదో అడగడం అమర్యాద కాదు. జూనియర్ పరీక్ష తేదీని చూసి బయానా ఇవ్వడం పొరపాటు; వీణ వచ్చిన తరువాత పరీక్షను చూసుకోవచ్చు. అందాకా గొంతుతో సరళీస్వరాలు సాధన చేసిన పిల్లకు తొలి మెట్టు మీదనే స్వరం తెలిసిపోతుంది.

బయానా కొన్నవారికి ఒక ధైర్యమైతే, శిల్పికి అది దుంగ కొనే పెట్టుబడి. పెద్ద వీణల కన్నా బహుమతులుగా ఇచ్చే బొమ్మ వీణలే నేడు ఆ ఇళ్ళకు ఎక్కువగా కూడు పెడుతున్నాయి. బొమ్మ వీణ అలమరలో అందంగా ఉంటుంది గాని పలకదు. పలికే వీణను చేయించుకొనేవారు ఉన్నంతకాలమే దానిని చేసే చేతులు ఉంటాయి. కర్ర ఆరేవరకు ఓర్చుకొన్న ఇల్లు తన బిడ్డ చదువుతో పాటు, దూరాన ఉన్న మరొక ఇంటి విద్యను కూడా నిలిపినది అవుతుంది.