పిలిస్తేనే లేచే యంత్రం

కరీంనగర్ జిల్లాలో ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయినా కనబడే దృశ్యమే. కాంటా మొదలయ్యేదాకా హమాలీలు చెట్టు నీడన కూర్చుంటారు. కూలి ఎత్తిన బరువును బట్టి. ఎదురుచూసిన గంటలకు పైసా రాదు. మనిషికి ఈ లెక్క అన్యాయం. యంత్రానికి మాత్రం ఇదే సరైన లెక్కని 2014 నవంబర్‌లో అమెజాన్ చూపించింది. ఆ యంత్రం పేరు లాంబ్డా.

అంతకుముందు యాప్ నడపాలంటే సర్వర్‌ను కిరాయికి తీసుకోవాలి. రాత్రంతా ఎవరూ రాకున్నా కిరాయి కట్టాలి. లాంబ్డాలో చిన్న కోడ్ ముక్క రాసి, ఏం జరిగితే అది నడవాలో చెప్పిపెడితే చాలు. ఫొటో అప్‌లోడ్ కాగానే కోడ్ లేస్తుంది, దాన్ని చిన్నది చేస్తుంది, పడుకుంటుంది. నడిచిన సమయానికే బిల్లు: మొదట్లో 100 మిల్లీసెకన్ల లెక్కన, 2020 డిసెంబర్ నుంచి ఒక్కో మిల్లీసెకను లెక్కన. దీన్ని ‘సర్వర్‌లెస్’ అనడం నాకు నచ్చదు. సర్వర్ ఎక్కడికీ పోలేదు, దాన్ని చూసుకునే బరువే చేతులు మారింది.

నిద్ర లేవడానికి పట్టే ఆలస్యం దీనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. 2018లో అమెజాన్ బయటపెట్టిన ఫైర్‌క్రాకర్ అనే బుల్లి వర్చువల్ మెషీన్ 125 మిల్లీసెకన్లలోనే కోడ్‌ను మొదలుపెట్టగలదు. ఒకరి కోడ్ ఇంకొకరి జాగలోకి రాకుండా గోడ కూడా అదే కడుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. 2025లో పత్తి అమ్మే రైతుల స్లాట్ బుకింగ్ కోసం భారత పత్తి సంస్థ (సీసీఐ) కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. అలాంటి యాప్‌నే మనం ఈ పద్ధతిలో కడుతున్నామనుకుందాం. ఆదిలాబాద్ అడవి అంచు ఊళ్లో రైతు బిడ్డ బటన్ నొక్కింది. సిగ్నల్ పోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కింది. మొదటి నొక్కు చేరనే చేరింది, జవాబే తిరిగి రాలేదు. కోడ్ రెండుసార్లు లేచింది. ఒకే బండికి రెండు స్లాట్లు పోతే, ఆ రోజు ఇంకో రైతు పత్తి ఇంట్లోనే ఉండిపోతుంది.

హమాలీకి తాను ఎత్తిన బస్తా గుర్తుంటుంది. లాంబ్డాకు గుర్తుంటుందని నమ్మడానికి లేదు. అందుకే పద్దు బయట, డేటాబేస్‌లో ఉండాలి. బుకింగ్ పేజీ తెరవగానే ఫోన్ ఒక నంబర్ పుట్టించుకోవాలి, ఎన్నిసార్లు నొక్కినా అదే నంబర్ పంపాలి. కోడ్ లేచీ లేవగానే ఆ నంబర్‌ను పద్దులోకి ఎక్కించబోతుంది. అప్పటికే ఉంటే కొత్త స్లాట్ ఇవ్వదు, పాతదే చూపిస్తుంది. ఆ పిల్ల మూడోసారి నొక్కినా తెర మీద అదే తేదీ, అదే జిన్నింగ్ మిల్లు పేరు.