ఫంక్షన్ ఏ ఫైల్లో ఉందో దొరకట్లేదా? కోడ్ ఎడిటర్‌లో సెర్చ్, కంప్లీషన్ ఇలా సెట్ చేసుకోండి

శ్రీ సిటీ: సీనియర్లు వదిలి వెళ్లిన ప్రాజెక్టు చేతికొస్తుంది. ఫోల్డర్ తెరిస్తే వందల ఫైళ్లు. బిల్లు లెక్కలో తప్పు ఉందని తెలుసు కానీ, ఆ లెక్క కట్టే ఫంక్షన్ ఎక్కడుందో తెలీదు. ఒక్కో ఫైలూ తెరుచుకుంటూ పోతే సాయంత్రం అయిపోతుంది. 2013లో మొదలైన శ్రీ సిటీ ట్రిపుల్ ఐటీ లాంటి క్యాంపస్‌లో సెకండియర్ విద్యార్థికైనా, ఫ్యాక్టరీలో మెషీన్ లాగ్ ఫైళ్లు తిరగేసే జూనియర్ ఇంజినీర్‌కైనా ఇదే తిప్పలు. దీనికి కావాల్సిన టూల్స్ అన్నీ ఉచితమే. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకున్నా పనిచేస్తాయి. కాకపోతే సరిగ్గా సెట్ చేసుకోవాలి.

ముందు సెర్చ్ సంగతి

చాలామంది ముందు కంప్లీషన్ వెంట పడతారు. నిజానికి పాత కోడ్ అర్థం చేసుకోవాలంటే ముందు కావాల్సింది వెతుకులాట. వీఎస్ కోడ్ వాడేవారు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే ఫోల్డర్ మొత్తంలో ఆ మాట ఎక్కడెక్కడుందో వరుసగా వస్తుంది. దీని వెనక పనిచేసేది రిప్‌గ్రెప్ అనే చిన్న ప్రోగ్రామ్. ఆండ్రూ గాలంట్ 2016లో దీన్ని విడుదల చేశారు. విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే టెర్మినల్‌లో ‘ఆర్‌జీ’ అని కొట్టి, పక్కన వెతకాల్సిన మాట రాస్తే చాలు. వందల ఫైళ్లున్నా జవాబు క్షణాల్లో వస్తుంది. పేరులో ఉన్న ‘గ్రెప్’ 1970ల నాటి యూనిక్స్ కమాండ్. అదీ ఒక పాత టెక్స్ట్ ఎడిటర్‌లోని కమాండ్ నుంచి పుట్టిన పేరే!

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. మాట కళ్లెదుట ఫైల్లోనే ఉంటుంది, సెర్చ్ మాత్రం ఏమీ లేదంటుంది. ఎందుకంటే గిట్ పట్టించుకోవద్దని ‘గిట్ ఇగ్నోర్’ ఫైల్లో రాసి ఉన్నవాటిని, దాచిన ఫైళ్లను, బైనరీ ఫైళ్లను రిప్‌గ్రెప్ తనంతట తానే వదిలేస్తుంది. వేగానికి అదీ ఒక కారణం. అవీ వెతకాలంటే ఆర్‌జీ తర్వాత హైఫన్ పెట్టి ‘యూ’ అక్షరం కొట్టాలి. ఒక యూ కొడితే ఇగ్నోర్ చేసినవి, రెండు కొడితే దాచినవి, మూడు కొడితే బైనరీలు కూడా లెక్కలోకి వస్తాయి. లాగ్ ఫైళ్లు సాధారణంగా ఇగ్నోర్ జాబితాలోనే ఉంటాయి. కాబట్టి లాగ్‌లో ఎర్రర్ కోడ్ దొరకలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫైల్ పేరు సగమే గుర్తుంటే? వీఎస్ కోడ్‌లో కంట్రోల్, పీ నొక్కి గుర్తున్న అక్షరాలు కొడితే సరిపోతుంది. మధ్యలో అక్షరాలు వదిలేసినా పట్టుకుంటుంది. విమ్, నియోవిమ్ వాడేవారికి ఇదే పని ఎఫ్‌జెడ్‌ఎఫ్ చేస్తుంది.

కంప్లీషన్ ఎలా పనిచేస్తుంది?

పేరు రాసి చుక్క పెట్టగానే కింద జాబితా వస్తుంది కదా, అదే కంప్లీషన్. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కూ, ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాయాల్సి వచ్చేది. 10 ఎడిటర్లు, 20 భాషలుంటే 200 ప్లగిన్లు! 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ‘లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్’ ప్రకటించాక లెక్క మారింది. భాషను అర్థం చేసుకునే పని సర్వర్‌ది, చూపించే పని ఎడిటర్‌ది. అదే లెక్కన ఇప్పుడు 30 ఉంటే సరిపోతుంది. సర్వర్ అన్నారని ఎక్కడో దూరంగా ఉంటుందనుకోవద్దు, అది మీ ల్యాప్‌టాప్‌లోనే నడిచే ప్రోగ్రామ్. సీ, సీ ప్లస్ ప్లస్‌కు క్లాంగ్‌డీ, పైథాన్‌కు పైరైట్ బాగా వాడుకలో ఉన్నాయి. నియోవిమ్‌లో అయితే 2021లో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది.

ఇన్‌స్టాల్ చేశాక కూడా జాబితా రావట్లేదా? పైథాన్‌లో అయితే చాలాసార్లు తప్పు ఇంటర్‌ప్రెటర్ ఎంచుకోవడమే కారణం. లైబ్రరీలు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటాయి, ఎడిటర్ మాత్రం సిస్టమ్ పైథాన్‌ను చూస్తుంటుంది. సీ ప్లస్ ప్లస్ పెద్ద ప్రాజెక్టులో హెడర్ల కింద ఎర్ర గీతలు వస్తే, ఏ ఫైల్‌ను ఎలా కంపైల్ చేయాలో చెప్పే ‘కంపైల్ కమాండ్స్’ ఫైల్ క్లాంగ్‌డీకి అందలేదని అర్థం. సీమేక్ వాడితే ఒక్క ఆప్షన్‌తో అదే తయారుచేసి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్, క్లాంగ్‌డీ రెండూ ఆన్‌లో ఉంటే ప్రతి సలహా రెండేసిసార్లు రావచ్చు. ఒకదాని ఇంటెలిసెన్స్ ఆపేయాలి.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇంకో మాట. డీ డ్రైవ్ మొత్తం ఎడిటర్‌లో తెరవొద్దు. సర్వర్ కనిపించిన ఫైళ్లన్నీ చదవడం మొదలెడుతుంది, ఫ్యాన్ గోల చేస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటే తెరవాలి.

తెలుగు మాట ఎందుకు దొరకదు?

తెలుగు యాప్ చేసేవారికి ఇది తప్పక ఎదురవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు పడుతుంది. ‘వే’ కిందికి ఒత్తుగా దిగకుండా ఆపేది అదే. ఆ గుర్తు లేకుండా వెతికితే సెర్చ్‌కు అది వేరే మాట. ఫైల్లోంచే మాటను కాపీ చేసి వెతికితే దొరుకుతుంది. లేదంటే ‘వేర్’ అని తోక ముక్క మాత్రమే వెతకొచ్చు. అలాగే ‘తిరుపతి’ మన కంటికి 4 అక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం గుణింతపు గుర్తులతో కలిపి 7. అందుకే ‘తిరుపత’ అని వెతికినా ‘తిరుపతి’ వచ్చేస్తుంది.

ఏఐ కంప్లీషన్ సంగతేంటి?

గిట్‌హబ్ కోపైలట్ లాంటివి వేరే రకం. మీరు రాస్తున్న కోడ్‌లో కొంత భాగం ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది, సలహా అక్కడి నుంచి వస్తుంది. కాలేజీ అసైన్‌మెంట్‌కు అది పెద్ద విషయం కాకపోవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో చేతికొచ్చిన కంపెనీ కోడ్ అయితే మాత్రం టీమ్ లీడ్‌ను అడిగి, అనుమతి ఉంటేనే ఆన్ చేయాలి. అప్పటిదాకా రిప్‌గ్రెప్, క్లాంగ్‌డీ, పైరైట్ చాలు. అవి కోడ్‌ను ల్యాప్‌టాప్‌లోనే చదువుతాయి.