కర్ణం పొడవు, కంప్యూటర్ హద్దులు

వాస్తవ భాగం, కల్పిత భాగం అనే రెండు సంఖ్యల జంటగా ఉండే సంకీర్ణ సంఖ్యను గ్రాఫు కాగితంపై ఒక బిందువుగా గుర్తిస్తే, మూలబిందువు నుంచి దానికి గల దూరాన్నే ఇంటర్మీడియట్ గణితంలో మాపం అంటారు. రెండు భాగాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే మాపం వస్తుంది కనుక, 3, 4 భాగాలుగా గల సంఖ్యకు అది 5. లంబకోణ త్రిభుజంలో కర్ణం కనుక్కునే పద్ధతే ఇదీను.

ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రాములో రాస్తే సాధారణంగా సరైన జవాబే వస్తుంది; సంఖ్యలు మరీ పెద్దవో మరీ చిన్నవో అయినప్పుడే చిక్కు. 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం, 64 బిట్లలో దాచే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య, అంటే బిందువు స్థానాన్ని ఘాతంతో సూచించే సంఖ్య, సుమారు 1.8 × 10³⁰⁸ని మించలేదు. భాగాలు 3 × 10²⁰⁰, 4 × 10²⁰⁰ అనుకుంటే మాపం 5 × 10²⁰⁰ మాత్రమే కాబట్టి ఆ హద్దులో హాయిగా ఇముడుతుంది. అయితే దారిలో తగిలే 9 × 10⁴⁰⁰ అనే వర్గం ఇమడకపోవడంతో, యంత్రం దానిని అనంతంగా రాసుకుని చివరి జవాబునూ అనంతంగానే చూపుతుంది. ఘాతాలు అంతే పరిమాణంలో రుణాత్మకమైతే వర్గాలు సున్నాలోకి కుంగిపోయి, మాపం కూడా సున్నా అవుతుంది. అనంతాన్ని చూస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు గాని సున్నాను ఎవరూ అనుమానించరు, అందువల్ల ఈ రెండో పొరపాటే ఎక్కువ ప్రమాదకరం.

దీనికి విరుగుడు వర్గం చేయడానికి ముందే రెండు భాగాలనూ వాటిలో పెద్దదానితో భాగించడం. పై ఉదాహరణలో 0.75, 1 మిగులుతాయి. వాటి వర్గాల మొత్తం 1.5625, దాని వర్గమూలం 1.25, దానిని తిరిగి 4 × 10²⁰⁰తో గుణిస్తే సరైన జవాబు దక్కుతుంది. రెండు భాగాలూ సున్నా అయితే సున్నాతో భాగించే ప్రమాదం ఉంది కనుక ఆ సందర్భాన్ని ముందే వేరుచేయాలి. ఇలాంటి జాగ్రత్తలతో రాసిన ఫంక్షన్ సీ, పైథాన్ వంటి భాషల్లో హైపాట్ పేరుతో సిద్ధంగా దొరుకుతుంది. కర్ణానికి ఇంగ్లీషులో ఉన్న పేరును కుదించి దానికి పెట్టారు.

ఒక్కోసారి వర్గమూలమే అక్కర్లేదు. సంకీర్ణ సంఖ్యలపై ఒకే లెక్కను పదేపదే చేస్తూ మాండెల్‌బ్రాట్ చిత్రాన్ని గీసే ప్రోగ్రాము మాపం 2 దాటిందా అని అడిగే బదులు, మాపం వర్గం 4 దాటిందా అని చూసి ప్రతి అడుగులోనూ ఒక వర్గమూలాన్ని తప్పించుకుంటుంది. హద్దు దాటగానే లెక్క ఆపేస్తుంది కనుక సంఖ్యలు అదుపు తప్పే భయమూ ఉండదు. సీ ప్లస్ ప్లస్‌లో ఈ వర్గాన్ని ఇచ్చే ఫంక్షన్‌కు నార్మ్ అని పేరు పెట్టారు. గణితంలో నార్మ్ అంటే పొడవు అని చదువుకున్నవారు దానిని మాపమని భ్రమపడి 5 రావలసిన చోట 25 తెచ్చుకుంటే, తప్పు వారిదనేకంటే ఆ పేరుదనడమే న్యాయం.