డాక్టరు తప్పుకొనేటప్పుడు

డాక్టరుగారు "ఇక మిమ్మల్ని చూడలేను" అనవచ్చా? అనవచ్చు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం, అత్యవసర పరిస్థితిలో తప్ప, ఎవరికి వైద్యం చేయాలో డాక్టరు ఇష్టం. అయితే ఒకసారి ఒప్పుకున్నాక రోగికీ ఇంటివారికీ తగినంత ముందుగా చెప్పకుండా తప్పుకోకూడదు.

ఎన్ని రోజుల ముందన్నది నియమంలో లేదు. జబ్బును బట్టి అని మేము అనుకుంటాము. గజ్జికి వచ్చినవారికి ఒక మాట చాలు. ఉద్దానం కిడ్నీ రోగుల సంగతి వేరు. కవిటి, సోంపేట, పలాస వైపు డయాలసిస్ మీద ఉన్నవారికి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు చేయాలి. అది ఆగితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. "వైజాగ్ వెళ్ళండి" అని చీటీ రాసిస్తే సరిపోదండీ! అక్కడ డయాలసిస్ ఖాయమయ్యేవరకు పాత చోటే చేయాలి. ఫిస్టులా ఏ చేతికి ఉంది, డ్రై వెయిట్ ఎంత, హెపటైటిస్ పరీక్షల్లో ఏమి వచ్చింది, ఇవన్నీ రాసి ఇవ్వాలి.

మీరే డాక్టరును మార్చుకోవాలనుకుంటే మొహమాటపడకండి. చెప్పకుండా మానేస్తే పరీక్షలన్నీ మళ్ళీ చేయించుకోవాలి, డబ్బు దండుగ. రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరినవారి రికార్డు 3 ఏళ్ళు దాచితే చాలునని నియమం, కాబట్టి మీ కాగితాలు ఇంట్లో భద్రంగా ఉంచుకోండి.